తిరిగివచ్చినవాడి చిరునామా: ప్రవాసంలో నిలువనీడ కోల్పోయిన తెలుగువారి పునరాగమనం, సంక్షేమ హక్కు – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగువారి సముద్రాంతర వలసల చరిత్రలో వెళ్లడానికి దొరికిన చోటు తిరిగిరావడానికి దొరకలేదు. ఏ జిల్లాల నుంచి ఎందరు ఓడలెక్కారు, ఏ కరవు వారిని తరిమింది, ఏ మేస్త్రీ లేదా ఏజెంటు వారిని తీసుకుపోయాడు, చేరిన దేశంలో భాషనూ పండుగలనూ ఎలా నిలుపుకున్నారు అన్న ప్రశ్నలపై చెప్పుకోదగిన పరిశోధన జరిగింది. తిరిగివచ్చినవారి ప్రస్తావన మాత్రం చాలాచోట్ల ఒక సంఖ్యగానో, అధ్యాయం చివరి వాక్యంగానో కనిపిస్తుంది. తిరిగిరావడంతో కథ ముగిసినట్టేనన్న భావన ఇందుకు కారణం కావచ్చు. నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చినవారి విషయంలో అది కొంత నిజం. పరదేశంలో పని, తలదాచుకునే గది, గుర్తింపు కాగితం మూడూ పోగొట్టుకుని వచ్చినవారి విషయంలో మాత్రం అసలు కథ ఊరు చేరిన తరువాతే మొదలవుతుంది.

అలాంటి మనిషి రేషన్ బియ్యమో, పింఛనో, ఇంటి స్థలమో అడిగినప్పుడు కార్యాలయం వేసే మొదటి ప్రశ్న అతని అవసరం గురించి కాదు, నివాసం గురించి. ఎక్కడ ఉంటున్నావు, ఎంతకాలంగా ఉంటున్నావు, అందుకు రుజువేమిటి అన్నవే ఆ ప్రశ్నలు. ఇన్నేళ్లు ఊళ్లో లేకపోవడమే అతని సమస్య కాబట్టి ఆ ప్రశ్నలకు అతని దగ్గర జవాబు ఉండదు. సహాయం అవసరమైన కారణమే సహాయానికి అడ్డంకిగా మారే ఈ స్థితిని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు నాటాల్ ఒప్పంద కూలీలు, బర్మా నుంచి వచ్చినవారు, 1990 నాటి కువైట్ బాధితులు, ఆ తరువాతి గల్ఫ్ కార్మికులు అనే నాలుగు సందర్భాలను తీసుకుంటుంది. తిరిగిరావడాన్నే రుజువుగా అంగీకరించిన సందర్భాల్లో సహాయానికి దారి ఏర్పడిందనీ, నివాస కాలాన్ని రుజువుగా అడిగిన సందర్భాల్లో అత్యంత నిస్సహాయులే బయట మిగిలారనీ ఈ పరిశీలనలో తేలుతుంది.

నాటాల్: వెళ్లేటప్పటి కాగితం, వచ్చేటప్పటి చేయి

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. నాటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నాటాల్ చేరారు. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రాజధానికి చెందిన తమిళులు, తెలుగువారు. ప్రతి కూలీ పేరిట ఒక వలస పత్రం ఉండేది. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, దగ్గరి బంధువు పేరు, ఒంటిపై గుర్తులు నమోదయ్యేవి. వలస కుటుంబాల మూలాలను వెతికే పరిశోధకులకు నేటికీ ప్రధానాధారం ఈ పత్రాలే. ఒక పేద రైతుకూలీ ఏ ఊరివాడో, ఎవరి కొడుకో ప్రభుత్వానికి ఇంత వివరంగా తెలిసిన సందర్భాలు ఆ కాలంలో అరుదు.

ఈ నమోదు ఏ అవసరం కోసం జరిగిందన్నది ఆలోచించవలసిన విషయం. కూలీని పంపడానికీ, ఒప్పందానికి కట్టి ఉంచడానికీ, పారిపోతే పట్టుకోవడానికీ అది పనికివచ్చింది. ఐదేళ్ల ఒప్పందం, ఆపై మరో ఐదేళ్ల నివాసం పూర్తయ్యాక ఉచిత తిరుగు ప్రయాణం కూలీ హక్కుగా ఉండేది. కానీ ఆ హక్కు మద్రాసు రేవు చేరడంతో తీరిపోయేది. వెళ్లేటప్పుడు గ్రామం పేరు రాసుకున్న ప్రభుత్వం, వచ్చినప్పుడు ఆ గ్రామంలో అతనికి చోటుందా అని విచారించే బాధ్యతను ఆ పత్రంతో ముడిపెట్టలేదు.

1895లో నాటాల్ ప్రభుత్వం 17వ చట్టం ద్వారా, ఒప్పందం ముగిశాక మళ్లీ ఒప్పందానికి గానీ స్వదేశానికి గానీ వెళ్లనివారిపై ఏటా 3 పౌండ్ల పన్ను విధించింది. గాంధీజీ నాయకత్వంలో జరిగిన సత్యాగ్రహం ఫలితంగా 1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టం ఈ పన్నును రద్దు చేసింది. అదే చట్టం, దక్షిణాఫ్రికాలో నివాస హక్కును వదులుకునేవారికి భారతదేశానికి ఉచిత ప్రయాణం కల్పించింది. తిరుగు ప్రయాణం ఇక్కడ ఒక మార్పిడి ఒప్పందమైంది. టిక్కెట్టు తీసుకున్నవాడు ఒక దేశంలో నివాసి కాకుండా పోతాడు. రెండో దేశంలో నివాసి అవుతాడా అన్నది ఆ చట్టం పరిధిలోని ప్రశ్న కాదు.

ఈ లోపాన్ని 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం కొంతవరకు గుర్తించింది. సహాయక వలస పథకం పేరుతో పెద్దవారికి 20 పౌండ్లు, పిల్లలకు 10 పౌండ్లు బోనస్‌గా ఇవ్వాలనీ, భారతదేశపు రేవు నుంచి లోపలి గమ్యస్థానం వరకు రైలు ఛార్జీ కూడా భరించాలనీ అందులో ఉంది. శారీరక అశక్తత వల్ల పనిచేసుకోలేని వృద్ధులకు బోనస్‌కు బదులుగా లేదా దానికి అదనంగా దక్షిణాఫ్రికా నిధి నుంచి భారతదేశంలోనే పింఛను చెల్లించే ఏర్పాటును కూడా అది పేర్కొంది. భారత ప్రభుత్వం తనవంతుగా, వచ్చినవారి సొమ్ము మోసగాళ్ల పాలు కాకుండా చూడటానికీ, తగిన పనుల్లో కుదురుకోవడానికి సహాయపడటానికీ అంగీకరించింది. ఇందుకోసం మద్రాసులో ప్రత్యేకాధికారిని నియమించారు. తిరిగివచ్చినవాడి పట్ల బాధ్యత రేవులో ముగియదని రెండు ప్రభుత్వాలు కాగితంపై ఒప్పుకున్న తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

ఆచరణలో ఏం జరిగిందో స్వామి భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది కలిసి 1931లో ప్రచురించిన నివేదిక తెలియజేస్తుంది. ఆ పథకం కింద వచ్చినవారి దుస్థితిని వారు ప్రత్యక్షంగా పరిశీలించారు. కాలనీల్లో పుట్టిపెరిగిన పిల్లలకు ఇక్కడి వాతావరణం, పని, సామాజిక కట్టుబాట్లు కొత్తవి. సముద్రం దాటి వచ్చినవారిని కులం, ఊరు పూర్వంలా కలుపుకోలేదు. బోనస్ ఖర్చయిపోయాక చేయి చాచడం తప్ప దారి లేని కుటుంబాలు మద్రాసు వీథుల్లో మిగిలాయి. ఉత్తరాదిలోనూ ఇదే జరిగింది. ట్రినిడాడ్, బ్రిటిష్ గయానా, ఫిజీల నుంచి వచ్చినవారు 1920లలో కలకత్తా సమీపంలోని మటియాబుర్జ్‌లో గుడిసెల్లో చేరి, వచ్చిన చోటికే మళ్లీ పంపమని వేడుకున్నారు. సొంత దేశం నుంచి మళ్లీ వలసను వరంగా కోరుకునే స్థితి వారిది. తెలుగు నుడికారంలో చెప్పాలంటే వారు రెంటికీ చెడ్డ రేవళ్లయ్యారు.

బర్మా: కాందిశీకుడు అన్న మాట

బర్మాతో తెలుగువారి సంబంధం ఒప్పంద కూలీ వ్యవస్థకు భిన్నమైనది. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. రంగూన్ రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ వారి శ్రమ ప్రధానమైనది. 1931 జనగణన నాటికి బర్మాలోని భారతీయుల సంఖ్య 10 లక్షలు దాటింది. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు కురిపించడంతో ఈ జనం కదిలింది. 1942 మధ్యకల్లా లక్షలాది మంది అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కూ, తమూ మీదుగా మణిపూర్‌కూ కాలినడకన బయలుదేరారు. దారిలో ఆకలికీ, మలేరియాకూ, కలరాకూ బలైనవారి సంఖ్య వేలల్లో ఉంది.

వీరిని తెలుగు పత్రికలు, ప్రజలు బర్మా కాందిశీకులు అన్నారు. ఈ మాట చరిత్ర గమనించదగినది. సంస్కృతంలో కాందిశీక శబ్దానికి 'ఏ దిక్కుకు పోవాలి' అన్న ప్రశ్నే మూలమని వ్యుత్పత్తి చెబుతారు. అమరకోశం దీనికి భయంతో పరుగుతీసినవాడన్న అర్థం ఇచ్చింది. అంటే ఈ పదం మనిషి ఎక్కడివాడన్నది చెప్పదు, అతను పారిపోయి వచ్చాడన్న సంఘటనను మాత్రమే చెబుతుంది. చిరునామా లేని మనిషికి అతని రాకనే గుర్తింపుగా చేసిన పదమిది. పాలనా భాషలో చాలాకాలం కొరవడిన భావన ఈ పాత మాటలో సిద్ధంగా ఉంది.

ఆ భావన 1960లలో పాలనా రూపం తీసుకుంది. 1962 మార్చిలో నె విన్ సైనిక ప్రభుత్వం ఏర్పడ్డాక వ్యాపారాల జాతీయీకరణ జరిగింది. 1964 మేలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దయ్యాయి. భారతీయుల బతుకుదెరువు కూలిపోయింది. వారు మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా రేవులకు ఓడల్లో చేరారు. వెంట తెచ్చుకోగలిగిన సొమ్ముపై కఠిన పరిమితులుండటం వల్ల ఒకప్పుడు దుకాణాలు నడిపినవారు కూడా కట్టుబట్టలతో దిగారు. భారత ప్రభుత్వం వీరిని ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. 1963 జూన్ 1న లేదా ఆ తరువాత బర్మా నుంచి వచ్చిన భారత సంతతివారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో వయోపరిమితి సడలింపు లభించింది. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారి పునరావాసం కోసం 1969లో రెప్కో బ్యాంకు ఏర్పడింది. దానిలో ఆంధ్రప్రదేశ్ సహా దక్షిణాది రాష్ట్ర ప్రభుత్వాలు భాగస్వాములయ్యాయి. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు వంటి పేర్లు నాటి పునరావాసానికి నేటికీ మిగిలిన గుర్తులు.

ఇక్కడ అర్హతకు ఆధారం ఒక తేదీ, ఒక రాక. దరఖాస్తుదారు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నాళ్లుగా ఉంటున్నాడని కాదు, ఏ రోజున ఓడ దిగాడని అధికారి చూశాడు. ఓడ దిగిన కాగితమే హక్కుకు తాళంచెవి అయింది. ఈ పద్ధతికీ హద్దులున్నాయి. 1942లో అడవుల గుండా నడిచివచ్చి, ఏ జాబితాలోనూ పేరు లేకుండా ఊళ్లలో కలిసిపోయినవారు ఈ గుర్తింపు బయటే ఉన్నారు. ఒక తేదీని గీతగా గీసినప్పుడు దానికి అవతల ఎవరో ఒకరు మిగలడం తప్పదు. అయినా, తిరిగిరావడం అనేది తనంతట తాను హక్కును పుట్టించే సంఘటన కాగలదని ఈ సందర్భం నిరూపించింది.

కువైట్, 1990: బయలుదేరిన తేదీయే రుజువు

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఆ తరువాతి నెలల్లో సుమారు 1,70,000 మంది భారతీయులు విమానాల్లో స్వదేశం చేరారు. వారిలో కడప, ఉభయ గోదావరి జిల్లాలవారు చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నారు. చాలామంది జీతాలు, పొదుపు, సామాను అక్కడే వదిలేసి, జోర్డాన్ శిబిరాల్లో గుడారాల కింద రోజులు గడిపి వచ్చినవారే.

1991లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటుచేసిన నష్టపరిహార కమిషన్ వీరి విషయంలో అనుసరించిన పద్ధతి ఈ పరిశీలనకు ముఖ్యమైనది. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 మధ్య కువైట్ లేదా ఇరాక్ విడిచివెళ్లవలసి వచ్చిన వ్యక్తులకు నిర్ణీత మొత్తం చెల్లించే ప్రత్యేక విభాగాన్ని అది రూపొందించింది. వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000 డాలర్లు ప్రాథమిక మొత్తాలు. మరో విభాగం కింద కోరబోమని ఒప్పుకున్నవారికి అంతకంటే ఎక్కువ. ఇందుకు కావలసిన రుజువు రెండే: విడిచివచ్చారన్న విషయం, విడిచివచ్చిన తేదీ. ఎంత నష్టం జరిగిందో లెక్క చూపనవసరం లేదు. దరఖాస్తులను ప్రభుత్వాలు సేకరించి సమష్టిగా సమర్పించాయి. యుద్ధంలో ఇల్లు వదిలి పరుగెత్తినవాడి దగ్గర రసీదులు ఉండవన్న లోకజ్ఞానాన్ని అంతర్జాతీయ సంస్థ ఒక నియమంగా మార్చింది. కాందిశీక పదంలోని తర్కమే ఇక్కడ న్యాయసూత్రమైంది.

ఖల్లివల్లి: సంఘటన లేని తిరిగిరాక

బర్మా, కువైట్ సందర్భాలకు ఒక సామ్యముంది. రెండింటిలోనూ పత్రికల మొదటి పుటకెక్కిన రాజకీయ సంఘటన ఉంది, ఒకేసారి వచ్చిన జనసమూహం ఉంది. కరీంనగర్, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లి, అక్కడ నిలువనీడ లేక తిరిగివచ్చే కార్మికుడికి అలాంటి సంఘటన ఏదీ లేదు. అతను ఒంటరిగా దెబ్బతిని, ఒంటరిగా తిరిగివస్తాడు.

గల్ఫ్ దేశాల్లో నిరాశ్రయత ఏర్పడే తీరు తెలుగుదేశంలోని నిరాశ్రయత కంటే భిన్నమైనది. కఫాలా వ్యవస్థలో కార్మికుడి నివాసానుమతి యజమానితో, అంటే కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు సాధారణంగా యజమాని చేతిలోనే ఉంటుంది. జీతం ఇవ్వలేదనో, చెప్పిన పని కాదనో కార్మికుడు బయటికి వస్తే పారిపోయినట్టు ఫిర్యాదు నమోదవుతుంది. ఆ క్షణం నుంచి అకామా చెల్లదు. అకామా లేనివాడికి గది అద్దెకివ్వడం నేరం కాబట్టి అతను తోటివారి గదుల్లో చాటుగా, ఆపై మిద్దెల మీద, పార్కుల్లో, నిర్మాణంలో ఉన్న భవనాల్లో రోజులు వెళ్లదీస్తాడు. తెలంగాణ పల్లెల్లో ఇలాంటివారిని ఖల్లివల్లి అంటారు. వదిలేయ్, పోనీ అనే అర్థంలో అరబ్బులు వాడే మాట తెలుగులో మనిషి స్థితికి పేరైంది. కాందిశీకుడు అన్న పదం మనిషి ఎందుకు వచ్చాడో చెబితే, ఖల్లివల్లి అన్న పదం అతణ్ణి అందరూ వదిలేశారని చెబుతుంది.

ఇలాంటివారు తిరిగిరావడానికి ప్రధాన మార్గం క్షమాభిక్ష. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2007లో, 2012–13లో, 2018లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించింది. సౌదీ అరేబియా 2013, 2017లలో, కువైట్ 2018, 2020లలో ఇలాంటి గడువులు ఇచ్చాయి. పాస్‌పోర్టు లేనివారికి భారత రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది. వాడుకలో దాన్నే ఔట్‌పాస్ అంటారు. అది స్వదేశానికి ఒక్క ప్రయాణానికే చెల్లుతుంది. టిక్కెట్టుకు కూడా దిక్కులేనివారికి 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి వసతి, భోజనం, విమాన ఛార్జీ ఇచ్చే వీలుంది. నాటాల్ కూలీకి ఓడ టిక్కెట్టు లాగానే ఈ సహాయం కూడా ప్రయాణంతో ముగుస్తుంది. ఒక విధంగా ఇది 1927 ఒప్పందం కంటే వెనుకబడి ఉంది. ఆ ఒప్పందం రేవు నుంచి ఊరివరకు రైలు ఛార్జీనైనా లెక్కలోకి తీసుకుంది.

పునరావాసం కోసం కేంద్రం చేసిన ప్రయత్నం లేకపోలేదు. 2012లో మొదలైన మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజనలో వృద్ధాప్య పింఛను, జీవిత బీమాతోపాటు తిరిగివచ్చాక కుదురుకోవడానికి పొదుపు అనే అంశం కూడా ఉంది. అయితే అది కార్మికుడు నెలనెలా కట్టే సొమ్ముపై ఆధారపడిన పథకం. తగినంతమంది చేరకపోవడంతో 2017లో మూతపడింది. జీతమే అందక వీథిన పడేవాడు పొదుపు కట్టలేడన్న సంగతి ఆ రూపకల్పనలో కనిపించదు. 2003 నాటి ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రధానంగా మరణానికీ, అంగవైకల్యానికీ పరిహారమిస్తుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. ఇది ఎన్నో ఏళ్ల పోరాటం తరువాత దక్కిన న్యాయం. అయినా, శవపేటికలో వచ్చినవాడిని గుర్తించినంత స్పష్టంగా ఔట్‌పాస్‌తో ప్రాణాలతో వచ్చినవాడిని గుర్తించే ఏర్పాటు ఇంకా రూపుదిద్దుకోవలసే ఉంది.

182 రోజుల ప్రశ్న

ఊరు చేరినవాడు సంక్షేమ పథకం కోరినప్పుడు ఎదురయ్యే మొదటి గడప ఆధార్. 2016 ఆధార్ చట్టం ప్రకారం, దరఖాస్తుకు ముందు 12 నెలల్లో మొత్తం 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ భారతదేశంలో ఉన్న వ్యక్తే నివాసి. తొలి ఆధార్ సంఖ్య 2010 సెప్టెంబరు 29న జారీ అయింది. అంతకుముందే గల్ఫ్ వెళ్లి, అక్కడే కాగితాలు లేకుండా పదేళ్లు గడిపి, 2018 క్షమాభిక్షలో వచ్చినవాడికి ఆ సంఖ్య ఉండే అవకాశం లేదు. చట్టాన్ని అక్షరాలా తీసుకుంటే అతను ఆరు నెలలు ఆగాలి. అతనికి సహాయం అత్యవసరమైనదీ ఆ ఆరు నెలలే. ఏజెంటుకు కట్టిన డబ్బు కోసం చేసిన అప్పు, వడ్డీతో సహా ఆ గడువులోనే తలుపు తడుతుంది.

2019లో కేంద్రం ఈ నిరీక్షణ నుంచి ప్రవాస భారతీయులకు మినహాయింపు ఇచ్చింది. కానీ అది చెల్లుబాటయ్యే భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వర్తించేది. ఔట్‌పాస్‌తో దిగినవాడి దగ్గర లేనిది ఆ పాస్‌పోర్టే. మినహాయింపు కూడా స్థిరపడినవాడి చేతికే అందింది.

సర్వేలు, జాబితాల విషయంలోనూ ఇదే ధోరణి. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిపింది. ఆ రోజు ఇంట్లో ఉండకపోతే పథకాలకు దూరమవుతామన్న భయంతో ముంబై, భివండీ, సూరత్‌ల నుంచి వలస కార్మికులు బస్సుల్లో, రైళ్లలో కిక్కిరిసి ఊళ్లకు వచ్చారు. ఛార్జీ పెట్టుకోగలిగినవాడు ఒక్క రోజుకైనా ఇంటివాడయ్యాడు. ఎమిరేట్స్‌లో చాటుమాటుగా ఉన్న ఖల్లివల్లికి ఆ అవకాశం కూడా లేదు.

ప్రభుత్వం నివాసాన్ని అడగడానికి సరైన కారణాలు లేకపోలేదు. పరిమిత నిధులు, రెండుచోట్ల లబ్ధి పొందే ప్రమాదం, ఎన్నికల కాలంలో జాబితాలు ఉబ్బడం వంటివి పాలకులకు నిజమైన సమస్యలు. ఆధార్ చట్టం కూడా పూర్తిగా తలుపు మూయలేదు. శాశ్వత నివాసగృహం లేనివారికీ, అసంఘటిత కార్మికులకూ నమోదులో ప్రత్యేక చర్యలు తీసుకోవాలని 5వ సెక్షన్ చెబుతుంది. ఆధార్ లేనివారికి ప్రత్యామ్నాయ గుర్తింపును అంగీకరించాలని 7వ సెక్షన్ నిబంధన చెబుతుంది. 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు 7వ సెక్షన్‌ను సమర్థించింది. రాజ్యాంగం 41వ అధికరణం నిరుద్యోగం, వృద్ధాప్యం, అనారోగ్యంతోపాటు తన తప్పు లేకుండా లేమికి గురైనవారికి కూడా ప్రభుత్వ సహాయం అందాలని నిర్దేశిస్తుంది. అందులో నివాస కాలం ప్రసక్తి లేదు. కాబట్టి లోపం చట్టంలో కంటే, తిరిగిరావడాన్ని ఒక రుజువుగా చూడని కార్యాలయపు అలవాటులో ఎక్కువగా ఉంది.

రావడం, తిరిగిరావడం: బ్రిటన్ అనుభవం

నివాస కాలమే అర్హతా అన్న ప్రశ్న న్యాయస్థానాల్లో నేరుగా చర్చకు వచ్చిన దేశం బ్రిటన్ కాబట్టి ఆ అనుభవం ఇక్కడ పోలికకు ఉపయోగపడుతుంది. పేదలను ఆదుకోవడాన్ని నివాసంతో ముడిపెట్టిన సంప్రదాయం అక్కడ పాతది. 1662 నాటి చట్టం ప్రకారం, కొత్తగా వచ్చి పారిష్‌కు భారమవుతారని అనుమానించినవారిని 40 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే వారి సొంత పారిష్‌కు పంపవచ్చు. అయితే ఆ కఠిన చట్టంలో కూడా ప్రతి పేదవాడికీ కాదనలేని ఒక సొంత పారిష్ ఉందన్న భావన అంతర్లీనంగా ఉంది.

1994 ఆగస్టు 1 నుంచి అక్కడ సంక్షేమ భృతికి స్థిరనివాస పరీక్ష ప్రవేశపెట్టారు. అది విదేశీయులను ఉద్దేశించినదన్న అభిప్రాయం ఉన్నా, విదేశాల నుంచి తిరిగివచ్చిన బ్రిటిష్ పౌరులకూ వర్తించింది. ఫ్రాన్స్‌లో చాలాకాలం పనిచేసి, పని పోయి, 1995లో సోదరుడి ఇంటికి చేరిన ఒక బ్రిటిష్ పౌరుడికి కొంతకాలం నివసించలేదన్న కారణంతో భృతి నిరాకరించారు. 1999 ఫిబ్రవరి 25న యూరోపియన్ న్యాయస్థానం ఈ నిరాకరణను తప్పుపట్టింది. నివాస కాలం మాత్రమే స్థిరనివాసాన్ని నిర్ణయించజాలదనీ, కుటుంబ పరిస్థితి, తిరిగివచ్చిన కారణం, ఉండిపోవాలన్న సంకల్పం చూడాలనీ చెప్పింది. అదే సంవత్సరం మరో కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్, మొదటిసారి వచ్చినవారికి కొంత నివాస కాలం అవసరమంటూనే, పూర్వం ఉన్న నివాసాన్ని తిరిగి కొనసాగించేవారి విషయం వేరు కావచ్చని పేర్కొంది.

ఈ తేడా తెలుగు భాషకు కొత్త కాదు. వచ్చాడు అన్న క్రియకూ తిరిగివచ్చాడు అన్న క్రియకూ మధ్య ఉన్న భేదమది. వచ్చినవాడు ఎవరో తెలియాలి. తిరిగివచ్చినవాడు మాత్రం ఊరికి ఎప్పుడో తెలిసినవాడే. అతని ఇంటిపేరు, అన్నదమ్ములు, తల్లి పేరిట ఉన్న రేషన్ కార్డు, చదివిన బడి రిజిస్టరు ఆ ఊళ్లోనే ఉన్నాయి. మధ్యలోని ఖాళీ ఏళ్లను రుజువు చేయమనడం కంటే, ఖాళీకి ముందున్న జీవితాన్ని గుర్తించడం సులభమూ న్యాయమూ.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, నాటాల్ వలస పత్రం నుంచి నేటి వలస నమోదు వరకు ప్రభుత్వం వెళ్లేవాడి ఊరిని శ్రద్ధగా రాసుకుంది. ఆ నమోదును తిరిగివచ్చినవాడి హక్కుకు ఆధారంగా వాడే ఆనవాయితీ మాత్రం ఏర్పడలేదు. రెండవది, 1963 తరువాతి బర్మా పునరావాసంలోనూ, 1991 కువైట్ పరిహారంలోనూ రాక లేదా బయలుదేరిన తేదీ అర్హతకు చాలింది. కాబట్టి ఇది పాలనకు సాధ్యం కాని విషయమేమీ కాదు. మూడవది, ఆ గుర్తింపు సామూహిక సంఘటనలకే పరిమితమైంది. జీతం ఎగవేతకు గురై, గది పోయి, ఒక్కడే తిరిగివచ్చే కార్మికుడి వెనుక యుద్ధమో సైనిక తిరుగుబాటో లేదు కనుక అతని తిరిగిరాక ఏ దస్త్రంలోనూ సంఘటనగా నమోదు కాలేదు.

విమానాశ్రయంలో దిగిన రోజున చేతిలో ఉన్న ఔట్‌పాస్, అతను భారత పౌరుడని భారత ప్రభుత్వమే ధ్రువీకరించిన పత్రం. ఆ ఒక్క కాగితాన్ని తిరిగిరాకకు రుజువుగా, స్థానిక విచారణకు నాందిగా స్వీకరిస్తే తహసీల్దారు కార్యాలయంలో ఆరు నెలల నిరీక్షణకు కారణం మిగలదు. కాందిశీకుడు ఏ దిక్కుకు పోవాలని అడుగుతాడు. సొంత ఊరి దిక్కుకే వచ్చినవాడికి ఆ ప్రశ్న మళ్లీ వేసుకునే అగత్యం కలగకూడదు.